వేళ్ళ మేస్త్రికి వేలిముద్ర లేదు

బట్టల దుకాణాల అద్దాల వెనక కొత్త బట్టలు తొడుక్కుని, రోజంతా ఎవరికేసీ చూడకుండా చూస్తూ నిలబడే బొమ్మలుంటాయి చూశారా, వాటికి మొదట విరిగేవి వేళ్ళు. ముక్కు తర్వాత. తల విరగడం ఈమధ్య తగ్గింది, తలలున్న బొమ్మలే తగ్గాయి కాబట్టి. దుకాణాలవాళ్ళకి మెడ దాకా ఉంటే చాలుతోంది. చొక్కా తొడిగేటప్పుడు ఒక వేలు, విప్పేటప్పుడు ఇంకో వేలు, ఊడ్చే మనిషి చీపురు తగిలి మూడోది. అలా ఊడిన వేళ్ళను కాగితంలో పొట్లం కట్టుకుని, బొమ్మను చంకన పెట్టుకుని, ఊళ్ళో ఏ దుకాణంవాడైనా వచ్చేది ఒక్కచోటికే. పాత మార్కెట్టు భవనంలో మెట్ల కింద పద్నాలుగో నంబరు గది. అందులో కూర్చునే మనిషి అసలు పేరు మార్కెట్టులో ఎవరికీ తెలియదు. వేళ్ళ మేస్త్రి అంటే చాలు.

గది నిండా చేతులు. కుడిచేతులు కుడిగోడకి, ఎడమచేతులు ఎడమగోడకి మేకులకు వేలాడుతుండేవి. బల్ల కింద డబ్బాల్లో వేళ్ళు: బొటనవేళ్ళు ఒకదాంట్లో, చూపుడువేళ్ళు ఒకదాంట్లో, ఏ జాతివో తేలనివి ఒకదాంట్లో. మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. "రండి, భయపడకండి, ఇవన్నీ అడిగి తీసుకున్నవే" అనేవాడు మేస్త్రి. ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే మాట, అదే గది.

పని చూడటానికి ముచ్చటగా ఉండేది. విరిగిన వేలిలోకి సన్నటి ఇనుపతీగ ఎముకలా గుచ్చి, కీలు దగ్గర ఎపాక్సీ నింపి, ఆరాక వేలికి గరుకుకాగితం చుట్టి రుద్ది, తన వేలికొసతో తడిమి తడిమి, అతుకు ఎక్కడుందో తనకే తెలియకుండా చేసేవాడు. ఎపాక్సీ అంటే రెండు డబ్బాల జిగురు. ఒకదాంట్లో తేనెలాంటిది, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచేది. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ సాధుజీవులే. కలిశాయంటే అరగంటలో రాయి. "కలిపేదాకా నీ ఇష్టం, కలిపాక నువ్వెవరు?" అనేవాడు మేస్త్రి, అదేదో పెళ్ళి గురించి చెబుతున్నట్టు.

మనిషి నిప్పు రాజేయడం నేర్చిన కొన్నాళ్ళకే జిగురు కాయడం నేర్చాడంటారు చదువుకున్నవాళ్ళు. చెట్టు బంక, చేప తిత్తి, పశువుల గిట్టలు, గుడ్డు సొన; ఏ తీరానికి వెళ్ళినా అక్కడి జిగురు అక్కడుంటుంది, దాని గొప్ప చెప్పుకునే ముసలాయన ఒకడుంటాడు. కానీ అంటిన జిగురును వదిలించుకోవడం ఎలాగన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ అరపేజీకి మించి కనిపించదు. అంటించడం విద్య, వదిలించడం చాకిరీ అనుకున్నారు కాబోలు రాసినవాళ్ళు.

మేస్త్రి దగ్గర వదిలించేది ఒక్కటే, ఎసిటోన్. ఆడవాళ్ళు గోళ్ళరంగు తుడుచుకోవడానికి చుక్కలు చుక్కలుగా వాడేది ఆయన దగ్గర ఐదు లీటర్ల డబ్బాలో ఉండేది. బ్రష్షులు అందులోనే, గీకే రేకులు అందులోనే, జిగురు కలిపిన గిన్నెలు అందులోనే. సాయంత్రం చివరాఖరికి రెండు చేతులూ మణికట్టు దాకా అందులోనే. చల్లగా తగిలేది, క్షణంలో ఆరిపోయేది, చేతులు తెల్లగా కాగితంలా మిగిలేవి. గదికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే, "వాసనా? ఏం వాసన?" అని నిజంగానే అడిగేవాడు.

ఎడమచేతి చిటికెన వేలు మాత్రం ఈ సేవలో లేదు. చెవి దురదపెడితే గోక్కోవడానికి ఒక శుభ్రమైన వేలు ఉండాలి కదా. జిగురు కలిపేటప్పుడూ కడిగేటప్పుడూ దాన్ని పైకెత్తి పట్టుకునేవాడు. పోనుపోనూ అది అలాగే అలవాటుపడి, టీ తాగుతున్నా తాళం వేస్తున్నా పైకే లేచి ఉండేది. "మీ ఆయనకి తొమ్మిది వేళ్ళు కూలీలు, ఒక వేలు దొరగారు" అనేది అత్తగారు, కూతురితో.

కూతురితోనే, అల్లుడితో కాదు. అల్లుడితో మాట్లాడి పదకొండేళ్ళయింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒక ఆసుపత్రి వంటశాలలో అంట్లు తోమి, కాళ్ళు సహకరించక కూతురింట్లో చేరింది. వచ్చేటప్పుడు తనతో తెచ్చుకున్నది ఒక్క పెద్ద ఇనుప గిన్నె. దాని పిడి ఊడితే అల్లుడు ముచ్చటపడి ఎపాక్సీతో అతికించి, "ఇంక ఇది ఊడితే నన్నడగండి అత్తయ్యా" అన్నాడు. ఎపాక్సీకి వేడి పడదని, పొయ్యి సెగకి మెత్తబడుతుందని ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. గొప్ప చెప్పుకునే వేళకి తెలిసింది గుర్తుండదు. మూడోరోజు పిడి ఊడి, మరిగే నీళ్ళతో సహా గిన్నె ఆవిడ కాలి పక్కన పడింది. అడగమన్నాడు కదాని ఆవిడ అడగలేదు. అసలు నోరే విప్పలేదు.

అయితే ఒకే ఇంట్లో ఉన్నాక కబురు అందాలి. హాల్లో తలుపు పక్కన ఒక తలలేని బొమ్మ ఉండేది, ఎవరో బాగుచేయించుకోవడానికిచ్చి మళ్ళీ రానిది. అత్తగారు శాలువా దానిమీద వేసేది. ఏమైనా చెప్పాల్సివస్తే ఆ బొమ్మకి చెప్పేది. "బొమ్మా, స్నానాలగదిలో నల్లా కారుతోంది, ఇంట్లో మేస్త్రి అనేవాడు ఒకడున్నాడట." మేస్త్రీ బొమ్మకే జవాబిచ్చేవాడు. "బొమ్మా, సాయంత్రం చూస్తానని చెప్పు. ప్రతిదాంట్లో వేలు పెట్టొద్దని కూడా చెప్పు." మధ్యలో ఆయన భార్య, ఒక బడిలో సైన్సు గది సామాన్లు చూసుకునే మనిషి, ఇద్దరికీ టీ పోస్తూ, "పాపం దానికి చెవులు కూడా లేవు" అనేది.

ఇలా సాగిపోతుండగా మార్కెట్టు ఆఫీసువాళ్ళు ఒక నోటీసు అంటించారు. గదులున్నవాళ్ళంతా నెలాఖరులోగా వచ్చి మిషను మీద వేలిముద్ర వేసి, ఈ గదిలో ఉన్నది తామేనని రుజువు చేసుకోవాలి. ఆరేళ్ళ కిందట అందరి దగ్గరా తీసుకున్న ముద్రలతో మిషను సరిచూస్తుంది. సరిపోనివాళ్ళ గది, వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి. పద్నాలుగో నంబరుకి వరసలో ఉన్నది నడవలో బల్ల వేసుకుని ఫోన్ తొడుగులు అమ్మే ఆయన. మంచివాడు, పెద్దలంటే గౌరవం ఉన్నవాడు. ఎనిమిదేళ్ళుగా ఎండకీ వానకీ ఒక గది కోసం చూస్తున్నవాడు.

మేస్త్రి నిశ్చింతగా వెళ్ళాడు. ఒకటి మాత్రం ఆయనకి నచ్చలేదు. ఆయన తండ్రి జీవితమంతా వేలిముద్రగాడు. ఏ కాగితం వచ్చినా బొటనవేలికి సిరా పూయించుకోవడం నామోషీ అనిపించి, కొడుక్కి ఆ గతి పట్టకూడదని కొట్టి బడికి పంపాడు. అంత కష్టపడి నేర్చుకున్న సంతకం ఇవాళ ఎవరికీ అక్కర్లేదు, వేలే కావాలట.

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకున్న పడుచు మనిషి. "బొటనవేలు పెట్టండి" అంది.

పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగి ఒక కూత కూసింది.

"తుడుచుకుని మళ్ళీ పెట్టండి. ఊఁ. పక్క వేలు. దాని పక్కది."

ఎడమ చిటికెన వేలికి ఆ వారమే ఆకురాయి జారి దెబ్బ తగిలి కట్టు ఉంది. "అది వదిలేయండి" అంది గుమాస్తా. మిగతావి తొమ్మిది వేళ్ళు, తొమ్మిది కూతలు.

"మీరు లేరండి" అంది.

"ఇక్కడే ఉన్నానమ్మా."

"మీరున్నారు. మీ వేళ్ళు లేవు."

"ఊరందరికీ వేళ్ళు పెట్టినవాణ్ణి, నాకు లేకపోవడమేంటమ్మా?"

ఆమె ఆయన అరచెయ్యి వెలుతురుకి తిప్పి చూసింది. వేలికొసలు గులకరాళ్ళలా నున్నగా మెరుస్తున్నాయి. ఒక్క గీత లేదు. "మా నాన్న తాపీపని చేసేవాడు. సిమెంటుకి ఆయనకీ ఇలాగే అరిగిపోయాయి. మీరు దేంతో కడుక్కుంటారు చేతులు?"

"ఎసిటోన్."

"దాన్ని మానేయండి. గరుకుకాగితం కూడా వేలితో కాకుండా చెక్కకి చుట్టి రుద్దండి. మూడు నాలుగు వారాల్లో చర్మం మళ్ళీ వస్తుంది. గడువు ఇంకా ఇరవై ఆరు రోజులుంది."

మేస్త్రి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "కాలి వేళ్ళు పనికిరావా? అవి కొత్తగానే ఉన్నాయి."

"మిషను బల్ల మీదుంది కదండీ" అంది ఆమె. "ఈసారి వచ్చేటప్పుడు ఇంటి మనిషినొకర్ని తీసుకురండి. ముద్రలు మార్చాల్సివస్తే, మీరు మీరేనని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

మేస్త్రి ఎసిటోన్‌ను ఎప్పుడూ 'మందు' అనేవాడు. ఆఫీసులో మందు మానేయమన్నారని నడవలో చెప్పుకుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురు వచ్చి, ఇప్పటికైనా మంచి నిర్ణయం తీసుకున్నారని చెయ్యి పట్టుకుని మరీ అభినందించి వెళ్ళారు. ఫోన్ తొడుగులాయన మాత్రం అసలు సంగతి కనుక్కున్నాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఆయన పలకరింపు మారింది. "బొటనవేలు ఎలా ఉంది మేస్త్రిగారూ?"

"పెరుగుతోంది."

"పెరగాలి, పెరగాలి" అనేవాడు, గది వెడల్పు కళ్ళతోనే కొలుస్తూ.

ఆ నెల పని ఆపుకునే వీలూ లేదు. కొత్తగా తెరవబోయే దుకాణం ఇరవై రెండు పాత బొమ్మల్ని తెచ్చి పడేసింది. ఇరవై రెండింటికీ కలిపి ముప్ఫై ఎనిమిది వేళ్ళు, ఆరు ముక్కులు, ఒక మోకాలు.

మొదట చేతితొడుగులు వేసుకుని చూశాడు. కళ్ళకి గంతలు కట్టుకుని నడిచినట్టుంది. కీలు ఎక్కడ నిండిందో, ఎక్కడ ఎత్తుగా ఉందో వేలికొసకి తెలియాలి. రబ్బరుకి ఏం తెలుసు? మధ్యాహ్నానికి తొడుగు కొస ఒకటి బొమ్మ ఉంగరపు వేలిలో అతుక్కుపోయి రాయైంది. దాన్ని కోసి తీస్తే, నాజూకైన ఆడబొమ్మ వేలు రోకలికొసలా మిగిలింది. తొడుగులు గోడ మీద ఎడమచేతుల సరసన చేరాయి.

అప్పుడు రంగంలోకి దిగాడు బావమరిది. ఇల్లు కడిగేవి, అద్దాలు తుడిచేవి, మరకలు పోగొట్టేవి సంచీలో వేసుకుని ఊరూరా అమ్మే మనిషి. మాటల్లో మాత్రం మరక మిగల్చడు.

"బావా, ఎసిటోన్ ఒక్కటే ఉందనుకోవడం నీ అజ్ఞానం. లోకం ముందుకెళ్ళింది. ఇదిగో నారింజ తొక్కల నూనె. వాసన చూడు."

"నాకు వాసన తెలియదురా."

"తెలిసినవాళ్ళు మెచ్చుకుంటున్నారు."

నిజమే, గదికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ రోజు ఆయన ఇంటికి వెళితే భార్య ఎదురొచ్చి, ఎన్నేళ్ళకో, పక్కన కూర్చుంది. బ్రష్షు కూడా మెత్తగా వదిలింది. కానీ నూనె నూనే కదా, కంటికి కనపడకుండా ఒక జిడ్డు పొర వదిలిపెట్టింది. ఆ బ్రష్షుతో వేసిన రంగు బొమ్మ చెంప మీద పరుచుకోకుండా దూరం దూరంగా ముడుచుకుని, మశూచి వచ్చినట్టు గుంటలు పడింది. ఆ రేకుతో అతికించిన వేలు పొద్దున పదింటికి నిలబడి, నాలుగింటికి దానంతట అదే నేల మీద పడి దొర్లింది.

"ఆరాక సబ్బునీళ్ళతో ఇంకోసారి కడగాలి బావా, సీసా వెనక రాసుంది."

"ముందెందుకు చెప్పలేదురా?"

"నేను ముందువైపు చదివి అమ్ముతాను."

రెండోది స్పిరిట్. రేకుల మీదా గిన్నెల మీదా బాగానే పనిచేసింది. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా. పని కాగానే చేతులు రెండూ అందులో ముంచేశాడు. స్పిరిట్ జిగురును కరిగించి, బయటికి పంపడానికి బదులు చర్మంలోకి పంపింది. మూడోనాటికి చేతులు ఎర్రబడి దురద. తొమ్మిది వేళ్ళనూ గోకడానికి కట్టు విప్పిన చిటికెన వేలొక్కటే దిక్కైంది.

మూడోది ఏమిటో బావమరిదికే తెలియదు. సీసా మీద ఒక నవ్వుతున్న మొహం మాత్రం ఉంది. అది బ్రష్షును ముట్టుకోలేదు, బ్రష్షు ఉన్న ప్లాస్టిక్ గిన్నెను కరిగించింది.

"పోనీ, వెనిగర్ వాడిచూడు బావా" అన్నాడు బావమరిది ఈసారి గొంతు తగ్గించి. అది ఆయన అమ్మే సరుకు కాదు, అందుకే కొంచెం సిగ్గు. "గట్టిపడకముందే అయితే వదులుతుందట. అమ్మ కిటికీలు తుడిచే సీసా ఉండాలి ఇంట్లో."

ఉంది. వంటగది గట్టు కింద నాలుగు సీసాలున్నాయి. మేస్త్రి ఒకటి తెచ్చి, జిగురుతో చిక్కగా ఉన్న బ్రష్షును నిలువునా అందులో దించాడు. పనిచేసింది. ఘాటు తక్కువ, వేగం తక్కువ, కానీ పనిచేసింది. అయితే సీసా అడుగున తెల్లటి ముద్ద పేరుకుని, ఒక్క బ్రష్షుకే సీసా అంతా పాడైంది. రెండో రోజు రెండో సీసా. నాలుగో రోజు కిటికీ తుడవబోయిన అత్తగారు గట్టు కింద చెయ్యిపెట్టి, ఉత్త గాలిని తడిమింది.

"బొమ్మా," అంది హాల్లోకి వచ్చి, "మన ఇంట్లో వెనిగర్ తాగే మనిషి ఎవరు?"

బొమ్మ మాట్లాడలేదు. మేస్త్రి అప్పటికే జారుకున్నాడు.

ఆవిడ కర్ర పట్టుకుని, దారిలో రెండుసార్లు కూర్చుని లేచి, మార్కెట్టుకి వచ్చింది. పద్నాలుగో నంబరులో అడుగుపెట్టడం పదకొండేళ్ళలో అదే మొదలు. లోపల బట్టల్లేని బొమ్మలు ఇరవై రెండు నిలబడి ఉన్నాయి. వాటి మధ్యన అల్లుడు, జిగురు కారుతున్న బ్రష్షును ఆవిడ ఆఖరి సీసాలో ముంచబోతున్నాడు.

ఆవిడ సీసా మాట మరిచిపోయింది. ముప్ఫై ఏళ్ళు పూటకి నాలుగు వందల పళ్ళేలు కడిగిన మనిషి. చూడలేకపోయింది. దగ్గర్లో ఉన్న బొమ్మను ఎంచుకుని, దాని భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా బొమ్మా, మీ మేస్త్రికి అంట్లు తోమడం రాదు."

మేస్త్రి చెయ్యి ఆగింది. ఇంకో బొమ్మ వైపు తిరిగాడు. "ఇవి అంట్లు కాదని చెప్పు. పనిముట్లని చెప్పు."

"అంటుకున్నది ఏదైనా అంట్లే. ఎంగిలి పళ్ళేన్ని ఎవరైనా అలాగే తొట్టిలో వేస్తారా? తొట్టెడు నీళ్ళూ ఎంగిలవుతాయి. ముందు తుడవాలి. పొడిగుడ్డతో, కాగితంతో, ఉన్నదంతా తుడిచిపారేయాలి. నూటికి తొంభై పాళ్ళు అక్కడే పోతుంది. తర్వాత తడపాలి, కొంచెం. ఆఖర్న సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. తెలియకపోతే నేర్చుకోమని చెప్పు."

మేస్త్రి జవాబేదో ఇవ్వబోయాడు. కానీ ఆవిడ అప్పటికే పాత వార్తాపత్రిక చింపి, బ్రష్షు లాక్కుని, దాన్ని మూడుసార్లు కాగితంలో పిండి, మూలనున్న రంపపుపొట్టులో రెండుసార్లు దొర్లించింది. బ్రష్షు సగం శుభ్రమై కూర్చుంది. ఒక మూతెడు వెనిగర్ పోసి గుడ్డతో రుద్దింది. సబ్బు అడిగింది, బొమ్మని.

జిగురు గట్టిపడిపోయిన ప్లాస్టిక్ గిన్నె ఒకటి పక్కనుంది. "మరి దీన్నేం చెయ్యాలో అడుగు" అన్నాడు మేస్త్రి, కొంచెం పంతంగా.

ఆవిడ గిన్నెను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టింది. టక్‌మని లోపలి జిగురంతా ఒక్క బిళ్ళలా ఊడి బల్ల మీద పడింది. "మాడిన అడుగు చల్లారాకే వస్తుంది. తడిగా ఉంటే తుడవాలి, రాయైతే విరవాలి. సగం ముదిరిందాన్ని మాత్రం ముట్టుకోకూడదు." గోడవైపు చెయ్యి చూపించి, "ఆ తొడుగులు గోడకెందుకు? పని చేసేటప్పుడు వద్దంటే మానె, కడిగేటప్పుడైనా వేసుకోమను. కడగడానికి కీళ్ళు తెలియక్కర్లేదు. చేతికంటితే కాగితంతో తుడిచి సబ్బుతో కడుక్కోమను. వెనిగరూ వద్దు, స్పిరిటూ వద్దు, మా వాడి సంచీలోది అసలే వద్దు."

వెళుతూ వెళుతూ, తన ఆఖరి సీసా పట్టుకెళ్ళిపోయింది. మేస్త్రి సొంతంగా కొనుక్కున్నాడు. ఆ సీసా పదిరోజులు వచ్చింది.

మూడో వారానికి మొదటి గీత కనిపించింది. భార్య సూదిలో దారం ఎక్కించడానికి వాడే భూతద్దం పెట్టి చూసి చెప్పింది. రోజూ పొద్దున మేస్త్రి బొటనవేలికి సిరా పూసుకుని గోడమీది క్యాలెండరులో ఆనాటి గడిలో ఒక ముద్ర వేసేవాడు. మొదటి తారీకుల్లో నల్లటి చుక్క. పదిహేను దాటాక చుక్కలో ఏవో మసక చారలు. ఇరవై రెండో తేదీకి దున్నిన పొలంలా చాళ్ళు. తండ్రి దేన్ని చూసి జీవితమంతా తలదించుకున్నాడో, దాన్ని చూసి కొడుకు మురిసిపోయి బావమరిదికి కూడా చూపించాడు. ఫోన్ తొడుగులాయన క్యాలెండరు ముందు నిలబడి, "అచ్చు వేలిలాగే ఉంది" అన్నాడు నీరసంగా.

ఆఖరి రోజు భార్యకి బడిలో పరీక్షలు. బావమరిది ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. ఇంటి మనిషిగా మిగిలింది అత్తగారు. "బొమ్మా, ఇవాళ ఆఫీసుకి ఎవరైనా తోడు రావాలట" అన్నాడు మేస్త్రి హాల్లో. "బొమ్మా, నా శాలువా ఇలా ఇయ్యి" అంది ఆవిడ. ఇద్దరూ పది అడుగుల ఎడంతో నడుచుకుంటూ వెళ్ళారు.

మేస్త్రి బొటనవేలు పెట్టాడు. మిషను ఎర్రబడింది. కూసింది.

రెండో వేలు, మూడో వేలు. గుమాస్తా మొహం వింతగా మారింది. "మీ వేళ్ళు వచ్చాయి మేస్త్రిగారూ. గీతలు చక్కగా ఉన్నాయి. కానీ ఇవి మీవి కావు."

"మరెవరివమ్మా?"

ఆమె తెర ఇటు తిప్పింది. ఆరేళ్ళ కిందటి బొటనవేలు. అద్దంలా నున్నగా ఉంది. అక్కడక్కడ చిన్న చిన్న గుండ్రటి మచ్చలు. "ఈ గుండ్రాలేంటో అర్థం కావట్లేదు."

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. చూసి, కుర్చీలో కూలబడ్డాడు. "బుడగలు" అన్నాడు. "ఎపాక్సీలో బుడగలు. ఆ రోజు బల్ల దగ్గర్నుంచి తిన్నగా వచ్చాను. వేళ్ళమీద పొర అలాగే ఆరిపోయింది." ఇంకోసారి చూశాడు. "కలపడం కూడా సరిగ్గా కలపలేదు. గబగబా తిప్పితే ఇలాగే గాలి చేరుతుంది. ఛ, ఎంత పాడుపని."

గది పోతుందన్న దిగులు కంటే ముందు, తన పనుల్లోకెల్లా చెత్తపని ఆరేళ్ళుగా ఆఫీసు కాగితాల్లో భద్రంగా ఉందన్న సిగ్గు ఆయన్ని పట్టుకుంది. దిగులు ఆ వెనకే వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళ గది, గోడనిండా చేతులు. ఎక్కడికని మోసుకెళ్తాడు?

గుమాస్తా అత్తగారి వైపు తిరిగింది. "ఈయన మీ అల్లుడేనా అమ్మా?"

"కాకపోతే బాగుండుననుకున్న రోజులున్నాయి" అంది ఆవిడ. "కానీ అవును."

"మీ సంతకం ఒక్కటే సరిపోదమ్మా. పాత ముద్రల్లో ఒక్కటైనా కలవాలి. అప్పుడే మిగతావి కొత్తగా ఎక్కించనిస్తుంది మిషను. ఒక్క వేలు కలిస్తే చాలు."

మేస్త్రి లేచాడు. బల్ల మీది కళ్ళజోడు గూడు ఎడమచేత్తో తీసుకున్నాడు. తీసుకుంటుంటే చిటికెన వేలు ఎప్పటిలాగే పైకి లేచింది.

"అల్లుడూ."

మేస్త్రి చుట్టూ చూశాడు, ఆఫీసులో బొమ్మ ఎక్కడుందా అని.

"నీతోనే. ఆ దొరగార్ని పెట్టు."

"ఏ దొరగారు అత్తయ్యా?"

"పైకి లేచి ఊరంతా చూస్తోందే, ఆ చిటికెన వేలు. అది ఏనాడైనా జిగురు ముట్టిన పాపాన పోయిందా?"

పెట్టాడు. మిషను ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఆకుపచ్చగా వెలిగి, ఇన్నాళ్ళూ దాని గొంతులో ఉందని ఎవరికీ తెలియని ఒక మెత్తటి చప్పుడు చేసింది.

"ఉన్నారు మేస్త్రిగారూ" అంది గుమాస్తా. మిగతా తొమ్మిది వేళ్ళూ ఒక్కొక్కటే ఎక్కించింది. నెల కిందటైతే ఒక్కటీ పడేది కాదు, మళ్ళీ ముద్రలు అడిగినప్పుడల్లా ఈ తంతు తప్పేది కాదు. అన్నీ మొదటిసారికే పడ్డాయి. అత్తగారు కింద సంతకం పెట్టింది, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ, బండ మీద మరక రుద్దినంత గట్టిగా.

బయటికొచ్చాక ఈసారి పది అడుగుల ఎడం లేదు. ఆవిడ కర్ర వేగానికి ఆయన నడిచాడు.

"ప్రతిదాంట్లో వేలు పెడతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను అత్తయ్యా."

"అనుకోవడమేంటి, బొమ్మతో అన్నావు. విన్నాను."

నడవలో ఫోన్ తొడుగులాయన ఇద్దర్నీ చూశాడు, మేస్త్రి మొహం చూశాడు, అడగకుండానే తలూపాడు. మేస్త్రికి ఆయన్ని చూస్తే జాలేసింది. "గుమ్మం లోపల ఎడమపక్కన నాలుగడుగుల చోటుంది. వాన వస్తే బల్ల లోపల వేసుకో. చేతులు చూసి జడుసుకోకు" అన్నాడు.

ఆ సాయంత్రం అత్తగారు మంచం కింద నుంచి ఏదో లాగిన చప్పుడైంది. పిడి లేని ఇనుప గిన్నె తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. పక్కనే, గుడ్డలో చుట్టి, పదకొండేళ్ళు దాచిన పిడి.

"దేంతో అతికిస్తావు?" అంది.

మేస్త్రి గిన్నెను తిప్పి చూశాడు. అంచున పాత జిగురు పొర ఇంకా ఉంది, గోరుతో గీకితే రాలింది. లోపల ఒక్క బుడగ లేదు. బాగానే కలిపాడు ఆ రోజు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

"అతికించను అత్తయ్యా. రెండు చిల్లులు పొడిచి ఇనుప మేకులు బిగిస్తాను."

ఆవిడ హాల్లో బొమ్మ వైపు తిరిగింది. "బొమ్మా," అంది, "ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్నాడు."